వేట విరామం

జ్వరం తగ్గి పదకొండు రోజులైంది.
నూకరత్నం గ్రౌండ్‌కొచ్చి
షూ లేసులు రెండేసి ముళ్లు బిగించి
"వాచీ నొక్కండి సార్" అంది.

నొక్కలేదు.
"ముందు కేజీహెచ్‌కి వెళ్లొద్దాం" అన్నాను.

"నాకేటయింది సార్?
మందులయిపోనాయి. అన్నం తింతన్నాను.
ఎనిమిదొందలు రెండు పదిలో కొట్టేత్తాను, సూడండి."

కొడుతుందని నాకు తెలుసు.
గౌరేసు కూడా కొట్టేవాడే.

"జ్వరం చెమటతో పోద్దిరా, నాలుగు రౌండ్లు వెయ్యి"
ఆ మాట నాదే.
మా కోచ్ నాకు చెప్పాడు, ఆయనకెవరు చెప్పారో.
జనవరి ఉదయం, పోర్టు స్టేడియం,
మెట్ల మీద ఎర్రటి ఖనిజం దుమ్ము, దాని మీద మంచు.
మూడో రౌండు మలుపులో
ఎవరో పిలిచినట్టు తల తిప్పాడు గౌరేసు.
నా చేతిలో వాచీ ఆగలేదు.
వాడు ఆగాడు.

ఎకో గదిలో పచ్చ తెరకి ఇవతల నేను,
చేతిలో ఆమె షూ.
అవతల మిషన్ చప్పుడు,
పడవ అడుగున నీళ్లు తట్టినట్టు
తట్టి, ఆగి, మళ్లీ తట్టి.
ఆ ఆగడం దగ్గర ప్రతిసారీ
నా ఊపిరి ఒక మెట్టు జారింది.

బయటకొచ్చి జెల్లీ తుడుచుకుంటూ నవ్వింది:
"సేప మొప్పల్లాగే ఆడతంది సార్ లోపల.
వల్లోంచి తీసినాక కాదు,
నీళ్లల్లో ఉన్నప్పటిలాగ."

రక్తం కాగితం మీద ఒక అంకె
ఉండాల్సిన దానికన్నా ఎక్కువుంది.
ముప్పయ్యేళ్లుగా నేను
అంకెలు తగ్గితే మిఠాయి పంచినవాణ్ణి.
ఈ అంకె తగ్గడానికి
ఏ కసరత్తూ చెప్పలేను.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి చెప్పింది:
"గుండె కండరం కొద్దిగా వాచింది.
జ్వరం ఇల్లు ఖాళీ చేసింది గానీ
ఒక గది తాళం ఇంకా ఇవ్వలేదు.
మూడు నెలలు పరుగొద్దు. మళ్లీ చూశాకే మాట్లాడదాం."
"నడవొచ్చా అమ్మా?"
"కబుర్లు చెప్పుకుంటూ నడవగలిగినంత."

మేలో మీటుంది. ఎవరం ఆ ఊసెత్తలేదు.
బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.
జగదాంబ దాటాక
చున్నీతో ముక్కు తుడుచుకుంది. నేను చూడలేదు,
చూడనట్టు టికెట్‌ని మడతలు పెట్టాను.

జాలారిపేటలో పడవలన్నీ ఒడ్డున బోర్లా ఉన్నాయి.
వేట నిషేధం మొదలై రెండో రోజు.
పడవ నీడలో వల బాగుచేస్తున్న ఎర్రయ్యకి
కాగితాలు చూపించి, నాకు తెలిసినంత చెప్పాను.
నైలాను దారం పళ్లతో కొరికి
చాలాసేపు ఊరుకున్నాడు.

"ఏటా రెండు నెల్లు
సముద్రానికే సెలవిత్తన్నాం గదా బాబూ.
కడుపు మాడినా ఇత్తన్నాం.
గుప్పెడు గుండికాయ, దానికియ్యలేమేటి?"

"మీకు అరవయ్యొక్క రోజులే అయ్యా,
నాకు తొంబై!"
"అయితే కూకుని ఈ సిరుగులు అల్లు" అని
వల ఒక కొస ఆమె ఒళ్లోకి విసిరాడు.

రోజూ సాయంత్రం బీచ్ రోడ్డు మీద నడుస్తాం.
ఆమె మాట్లాడుతూనే ఉంటుంది,
కాలేజీ, పచ్చి మామిడి, అక్క పెళ్లిలో బ్యాండు తప్పిన తాళం.
మాట తెగితే నా అడుగు ఆగిపోతుంది.
"ఆయాసం కాదు సార్, చెప్పడానికేటీ లేక"
అని తిడుతుంది.

మొన్న జూన్ పదిహేను, తెల్లారకముందే
ఇంజన్లన్నీ ఒక్కసారి దగ్గాయి.
పసుపు రాసిన పడవలు డాల్ఫిన్ ముక్కు వైపు
చిన్నవైపోతుంటే
నూకరత్నం చెప్పుల్లేకుండా నీళ్ల అంచున నిలబడింది.
మడమలు లేస్తున్నాయి, దిగుతున్నాయి.

ఇంకా నెల.
అప్పుడు మళ్లీ ఆ పచ్చ తెర, ఆ చప్పుడు,
ఆ అంకె ఏమంటుందో.

గౌరేసు వాళ్లమ్మ
పూర్ణా మార్కెట్లో ఇప్పటికీ కరివేపాకు అమ్ముతుంది.
అడక్కుండానే ఒక రెమ్మ ఎక్కువ వేస్తుంది.
ఆమెకి ఇవన్నీ చెప్పాలనుకుంటాను,
చెప్పను.

జేబులో వాచీ మీద బొటనవేలుంది.
బరువు ఆనకుండా
ఊరికే అలా ఉంచాను.